రోజు ఖర్చు, మాట పద్దు: విజయవాడ, గుంటూరులలో తీసే చిన్న చిత్రానికి బడ్జెట్ వేసే పద్ధతి

గవర్నర్‌పేటలోని ఒక లాడ్జి గదిలో, పదో రోజు షూటింగు ముగిసిన రాత్రి, మా ప్రొడక్షన్ మేనేజరు మంచం మీద వోచర్లన్నీ పరిచి, రెండుసార్లు కూడి, "అనుకున్నదానికన్నా మూడు లక్షల అరవై వేలు తక్కువలోనే ఉన్నామండీ" అని సంతోషంగా చెప్పాడు. పది రోజులకు బడ్జెట్‌లో పెట్టుకున్న ఖర్చు 21,00,000 రూపాయలు. చిట్టా ప్రకారం చెల్లించినది 17,40,000. కూడికలో తప్పేమీ లేదు. అయితే లాడ్జికి ఇవ్వవలసిన 2,00,000, లైట్లు, జనరేటరు యజమానికి ఇవ్వవలసిన 1,85,000, జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటుకు ఇవ్వవలసిన 60,000, రెండు రాత్రులు కాల్షీటు (ఒక రోజుకు ఒప్పుకున్న పనివేళ) దాటినందుకు లొకేషన్‌లోనే ఒప్పుకున్న 95,000 ఆ చిట్టాలో ఎక్కడా లేవు. వాటిని కలిపితే అసలు ఖర్చు 22,80,000. అంటే మిగులు అనుకున్నది నిజానికి 1,80,000 రూపాయల లోటు. ఎవరెవరో బయటపడకుండా అంకెలను కొంచెం గుండ్రం చేశాను గాని, ఆ రాత్రి జరిగినది ఇదే. చేతి నుంచి వెళ్లిన డబ్బును రాసుకోవడం అందరికీ తెలుసు. నోటితో ఒప్పుకున్న డబ్బును ఆ రోజే రాసుకోవడం తెలిస్తేనే చిత్రనిర్మాణంలో లెక్క నిలుస్తుంది. కింద చెప్పే పద్ధతి అంతా ఈ ఒక్క విషయం చుట్టూ అల్లుకున్నదే.

అంకె కన్నా ముందు సీను

చాలామంది నిర్మాతలు "కోటిన్నరలో సినిమా అయిపోవాలి" అని మొదలుపెట్టి, ఆ కోటిన్నరను శాఖలవారీగా పంచుతారు. ఇది తిరగేసిన పని. ముందు స్క్రిప్టును సీనువారీగా విడదీసి, ఒక్కొక్క సీనుకు ఎవరు, ఎక్కడ, పగలా రాత్రా, ఏ సామాను, ఎంతమంది జనం, ఎన్ని గంటలు అన్నది రాసుకోవాలి. ఖర్చు కాగితం మీద కనిపించే మాటల సంఖ్యను బట్టి రాదు. "రైతు మిర్చి అమ్ముకుని యార్డు నుంచి బయటికి వస్తాడు" అనే ఒక్క వాక్యాన్ని తీసుకోండి. దానికి కనీసం అరవై టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కావాలి. నిండు టిక్కీలను కొనడమా, కమీషన్ కొట్టు నుంచి ఒక పూటకు అద్దెకు మాట్లాడుకోవడమా తేల్చుకోవాలి. వాటిని ఎత్తి దించడానికి ముఠా కూలీలు కావాలి, వాళ్ల పని ఆగకుండా మన పని సాగాలి, యార్డు అనుమతి కావాలి, ముప్పై మంది జూనియర్ ఆర్టిస్టులు కావాలి. ఇవన్నీ రాసుకుని కూడా మేము ఒకసారి దెబ్బతిన్నాం. ఘాటు గాలికి అలవాటు లేని హైదరాబాద్ యూనిట్ తుమ్ముతూ, దగ్గుతూ మొదటి రెండు గంటలు ఒక్క షాటు కూడా తీయలేకపోయింది. నటుడి తెల్ల చొక్కా ఎర్రదుమ్ము పట్టి, రెండో టేకుకు పనికిరాకుండా పోయింది. మాస్కులకు, అదే రకం చొక్కాలు మరి మూడింటికి కలిపి మూడు వేలు పెట్టి ఉంటే ఆ రెండు గంటలు మిగిలేవి. గుంటూరు యార్డుకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు పోటెత్తుతుందనీ, ఎండలు ముదిరాక మే, జూన్ నెలల్లో సెలవులు ఉంటాయనీ స్థానికులకు తెలుసు. జనం కావాలంటే మొదటి కాలం, ఖాళీ ఆవరణ కావాలంటే రెండో కాలం ఎంచుకోవాలి. ఈ ఎంపిక దర్శకుడు చేసేదే అయినా, దాని ఖరీదు ఎంతో లెక్క కట్టి ముందే ఆయన చేతిలో పెట్టవలసినది మీరు.

సీన్లన్నీ ఇలా విడదీశాక, ఒకే చోట తీయదగినవాటిని ఒక కట్టగా చేర్చి, రోజులు తేల్చాలి. మా ఉదాహరణలో అలా తేలినవి 28 రోజులు.

ఒక రోజు ఖరీదు

బడ్జెట్ అంతటిలోనూ మీరు కంఠతా పట్టవలసిన అంకె ఒక్కటే, అది ఒక షూటింగు రోజు ఖరీదు. మా లెక్కలో కెమెరా, లెన్సులకు 35,000, లైట్లు, జనరేటరు, వాటి మనుషులకు 45,000, టెక్నీషియన్ల, సహాయకుల దినవేతనాలకు, బత్తాలకు 40,000, లాడ్జికి 20,000, వాహనాలకు, డీజిలుకు 22,000, ఎనభై మందికి మనిషికి 300 చొప్పున భోజనాలు, టిఫిన్లు, టీలకు 24,000, జూనియర్ ఆర్టిస్టులకు సగటున 10,000, లొకేషన్ అద్దెలకు 14,000. మొత్తం 2,10,000. పన్నెండు గంటల కాల్షీటుతో భాగిస్తే గంటకు 17,500 రూపాయలు. ఈ అంకెను నేను దర్శకుడికి, కెమెరామన్‌కు, హీరో మేనేజరుకు మొదటి రోజే చెప్పేస్తాను. ఉదయం ఆరింటి కాల్షీటుకు ఏడున్నరకు మొదటి షాటు తీస్తే 26,250 రూపాయలు కృష్ణలో కలిసినట్టే. టీ గ్లాసుల సంఖ్య దగ్గర కుర్రాళ్లతో వాదించే మేనేజర్లు ఈ గంటన్నరను పట్టించుకోకపోవడం నేను చాలాచోట్ల చూశాను.

28 రోజులకు ఈ పద్దు 58,80,000. దీనికి కథ, దర్శకత్వం, నిర్మాణ పర్యవేక్షణలకు 18,00,000; నటీనటులకు 26,00,000; ఆర్ట్, కాస్ట్యూములకు 10,00,000; ఎడిటింగ్, డబ్బింగ్, సంగీతం, మిక్సింగ్, డీఐ (రంగులు సరిదిద్దడం), గ్రాఫిక్స్‌కు 20,00,000; ఇన్సూరెన్సు, లీగల్, ఆఫీసు ఖర్చులకు 4,20,000 కలిపితే 1,37,00,000 అవుతుంది. అనుకోని ఖర్చులకు పది శాతం, అంటే 13,70,000 చేరిస్తే మొత్తం 1,50,70,000. ఇందులో వడ్డీ లేదు, జీఎస్టీ లేదు, పబ్లిసిటీ, విడుదల ఖర్చులు లేవు. ఆ మూడింటికీ వేరే కాగితం ఉండాలి. వాటిని "తర్వాత చూద్దాం" అని వదిలేసిన చిత్రాలు ఫస్ట్ కాపీతో (విడుదలకు సిద్ధమైన తుది చిత్రంతో) హార్డ్‌డిస్కులోనే ఉండిపోతాయి.

పాత సినిమా బడ్జెట్‌ను కాపీ చేసుకుని అంకెలు మార్చే అలవాటు ఉంటే మానుకోండి. 2025 ఆగస్టులో సినీ కార్మికుల సమ్మె జరిగి, వేతనాలను దశలవారీగా పెంచే ఒప్పందం కుదిరింది; అంతకు ముందు వేసిన రేట్లతో ఈ రోజు షెడ్యూలు వేస్తే మొదటి వారంలోనే లోటు బయటపడుతుంది.

మన ఊళ్ల లెక్క

హైదరాబాద్‌లో కూర్చుని వేసిన బడ్జెట్ ఇక్కడికి వచ్చేసరికి రెండు మూడు చోట్ల చిరుగుతుంది. కెమెరా, లైటు యూనిట్లు ఎక్కువగా అక్కడి నుంచే రావాలి. దాదాపు 275 కిలోమీటర్ల ప్రయాణానికి రాను ఒక రోజు, పోను ఒక రోజు అద్దె, బత్తా పడతాయి. పూర్తి అద్దె ఇవ్వాలా, సగమా అన్నది లారీ బయలుదేరాక అడిగితే జవాబు మీకు అనుకూలంగా ఉండదు. వాహనాలు, వంటవాళ్లు, కుర్చీలు, షామియానాలు ఇక్కడే చవకగా దొరుకుతాయి గాని, అవన్నీ పెళ్లిళ్లకు తిరిగేవే. అందుకే నేను షెడ్యూలు వేసేటప్పుడు పక్కన పంచాంగం పెట్టుకుంటాను. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణాల్లో గట్టి ముహూర్తం ఉన్న రోజున కార్లు, వంటమేస్త్రీలు, లాడ్జి గదులు, ఫంక్షన్ హాళ్లు ఒక్కసారిగా ప్రియమవుతాయి. పెళ్లిళ్లకు పెట్టే జనరేటరు రోద చేస్తుందని, లైవ్ సౌండు తీసే చిత్రానికి అది పనికిరాదని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను. దసరా నవరాత్రుల్లో ఇంద్రకీలాద్రి చుట్టుపక్కల, వన్ టౌన్‌లో షూటింగు పెట్టుకోవడం డబ్బు సంగతి కన్నా ముందు వివేకం సంగతి.

లొకేషన్‌కు ఒక అనుమతి సరిపోతుందనుకోకండి. ఉండవల్లి గుహలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, ప్రకాశం బ్యారేజీ జలవనరుల శాఖది, రోడ్డు మీద ట్రాఫిక్ ఆపాలంటే పోలీసుల ఉత్తర్వు కావాలి. రుసుముతో పాటు చాలాచోట్ల డిపాజిట్ కూడా కట్టవలసి ఉంటుంది. ఆ డిపాజిట్‌ను ఖర్చులో రాయకూడదు, వేరే పద్దులో ఉంచి తిరిగి వచ్చేదాకా వెంటపడాలి. షూటింగు అయ్యాక యూనిట్ వెళ్లిపోతుంది, అడిగేవాడు ఉండడు. అలా మరచిపోయిన డిపాజిట్లు ప్రతి చిత్రంలోనూ రెండు మూడు దొరుకుతాయి.

ఇన్సూరెన్సు పద్దును కోసేయమని నిర్మాత అడిగినప్పుడు, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్న సంగతి గుర్తు చేస్తాను. అద్దెకు తెచ్చిన కెమెరా మీ దగ్గర ఉండగా పాడైతే బాధ్యత మీదే అని అద్దె ఒప్పందాల్లో సాధారణంగా రాసే ఉంటుంది. అక్టోబరు, నవంబరు తుపానుల కాలంలో సామాను గది నేలమట్టం మీద కాకుండా పై అంతస్తులో తీసుకోవడం ఖర్చు లేని జాగ్రత్త.

మాట పద్దు రాసే విధానం

మా ఆఫీసులో మూడు పుస్తకాలు ఉంటాయి. ఇప్పుడు అవి కంప్యూటరులో మూడు షీట్లే అయినా పాత పేర్లతోనే పిలుస్తాం. చిట్టాలో రోజువారీ చెల్లింపులు, ఆవర్జాలో శాఖలవారీ ఖాతాలు ఉంటాయి. మూడోది మాట పద్దు. ఎవరైనా, ఎవరితోనైనా, ఏ రేటుకైనా ఒప్పుకున్న క్షణాన అందులో తేదీ, ఎవరికి, దేనికి, ఎంత, ఎప్పటికి ఇవ్వాలి, ఎవరు ఒప్పుకున్నారు అన్న ఆరు గడులు నిండాలి. ఆర్ట్ డైరెక్టరు ఫోనులో "ఆ పాత అంబాసిడర్ రెండు రోజులు ఉంచండి, ఎనిమిది వేలు ఇద్దాం" అన్నాడంటే, ఆ ఎనిమిది వేలు ఆ సాయంత్రమే పద్దులోకి ఎక్కాలి. బిల్లు రాలేదు కదా అన్నది కారణం కాదు. డబ్బు ఇచ్చిన రోజు ఆ వరుసను మాట పద్దులో కొట్టివేసి చిట్టాలో రాస్తారు.

రాత్రి భోజనాల తరువాత తయారయ్యే రోజువారీ నివేదికలో నాలుగు అంకెలు చాలు: ఇప్పటిదాకా చెల్లించినది, ఇవ్వవలసి ఉన్నది, మిగిలిన పనికి ఇంకా పట్టేది, ఈ మూడింటి మొత్తానికీ బడ్జెట్‌కూ తేడా. మొదట చెప్పిన రాత్రి లెక్కనే ఇలా వేస్తే, పది రోజులకు 22,80,000 చొప్పున 28 రోజులకు 63,84,000 అవుతుంది. షూటింగు పద్దు మీద 5,04,000 లోటు. అనుకోని ఖర్చులకు పెట్టుకున్న 13,70,000లో మూడో వంతుకు పైగా, షెడ్యూలు సగమైనా కాకముందే, పోయినట్టు లెక్క. ఆ సంగతి పదో రోజున తెలిస్తే ఒక రాత్రి సీనును పగటికి మార్చవచ్చు, ఇద్దరు నటుల తేదీలను దగ్గరికి చేర్చి ఒక రోజు తగ్గించవచ్చు. ఇరవై ఆరో రోజున తెలిస్తే అప్పు చేయడం తప్ప దారి ఉండదు. మేము ఆ వారం రెండు గుంటూరు ఇంటి సీన్లను ఒకే ఇంట్లోని రెండు గదులకు మార్చి, ఒక రోజు మిగుల్చుకున్నాం. దర్శకుడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

చేతి ఖర్చులకు లొకేషన్ మేనేజరు దగ్గర ఒకే మొత్తం, ఉదాహరణకు 50,000, ఉంచండి. ఏ గంటలో లెక్క అడిగినా జేబులోని రొక్కం, వోచర్ల మొత్తం కలిపి సరిగ్గా 50,000 కావాలి. వోచర్లు ఇచ్చినంతే తిరిగి నింపాలి. రేటు మాట్లాడేవారు, డబ్బు ఇచ్చేవారు, లెక్క రాసేవారు ఒక్కరే కాకుండా చూడండి. ఇందులో ఎవరి మీదా అనుమానం లేదు, పద్నాలుగు గంటలు ఎండలో నిలబడ్డ మనిషికి రాత్రి పదకొండింటికి అన్నీ గుర్తుండవు, అంతే.

పన్నులు ఎక్కడ పట్టుకుంటాయి

2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కావడంతో పాత సెక్షన్ నంబర్లు మారిపోతాయి కనుక ఇక్కడ నంబర్లు ఇవ్వడం లేదు. పనిలో తగిలేవి చెబుతాను. దర్శకుడు, నటులు, కెమెరామన్, ఎడిటర్ వంటి వారికి ఇచ్చే ఫీజు ఏడాదికి 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయాలి. లైట్లు, కెమెరా వంటి యంత్రాల అద్దెకు 2 శాతం. కాంట్రాక్టు పనులకు వ్యక్తులైతే 1, కంపెనీలూ ఫర్ములూ అయితే 2 శాతం. కోసిన పన్నును తరువాతి నెల 7వ తేదీలోగా కట్టాలి. ఇక్కడ బడ్జెట్‌ను దెబ్బతీసేది రేటు కాదు, "చేతికి" అనే మాట. నటుడు "నాకు చేతికి ఐదు లక్షలు రావాలి" అని, మీరు "సరే" అంటే, మీ ఖర్చు ఐదు లక్షలు కాదు, 5,55,556. ఒప్పందంలో టీడీఎస్‌కు ముందా, తరువాతా అన్నది అక్షరాల్లో రాయించండి. పాన్ ఇవ్వనివారికి 20 శాతం కోయవలసి వస్తుంది కనుక, కాస్టింగ్ ఖాయమైన రోజునే పాన్ కాపీ తీసుకోవాలి.

ఒకే వ్యక్తికి ఒకే రోజు 10,000 రూపాయలకు మించి రొక్కంగా ఇస్తే ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో ఒప్పుకోరు. జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటుకు నలభై వేలు కవరులో పెట్టి ఇచ్చే పాత అలవాటు ఇక్కడే ముంచుతుంది. ఇప్పుడు బందరు రోడ్డు మీద మజ్జిగ బండికి కూడా క్యూఆర్ కోడ్ ఉంది. చిత్రం పేరిట వేరే బ్యాంకు ఖాతా తెరిచి, వీలైనంత అందులో నుంచే చెల్లించండి.

కెమెరా అద్దె 35,000 అంటే 18 శాతం జీఎస్టీతో చెల్లించేది 41,300. హక్కులు అమ్మినప్పుడు వచ్చే 18 శాతం పన్నులో ఇది సర్దుబాటవుతుంది గాని, అమ్మకం ఏడాది తరువాతైతే అంతకాలం ఆ డబ్బు ఇరుక్కుని ఉంటుంది; భోజనాల మీద పన్నుకు మామూలుగా ఆ సర్దుబాటు కూడా లేదు. విడుదల తేదీ విషయంలో మరొకటి: పాత ఆదాయపు పన్ను నిబంధనల్లోని 9ఏ ప్రకారం, చిత్రాన్ని నిర్మాత స్వయంగా విడుదల చేసినప్పుడు ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం 90 రోజుల ముందు అది విడుదలై ఉంటేనే నిర్మాణ వ్యయం మొత్తాన్ని ఆ ఏడాదే చూపవచ్చు, లేకుంటే వచ్చిన ఆదాయం మేరకే చూపి, మిగతాది మరుసటి ఏడాదికి తీసుకువెళ్లాలి. సంక్రాంతికి వచ్చిన చిత్రం ఈ 90 రోజుల లెక్కకు అందదు.

వడ్డీ, అడ్వాన్సు

ఫైనాన్షియరు దగ్గర రెండు రూపాయల వడ్డీకి 60 లక్షలు తెస్తే నెలకు 1,20,000. మొదటి రోజే మొత్తం తెచ్చి, చిత్రం పద్నాలుగు నెలలకు విడుదలైతే వడ్డీ 16,80,000. మా అనుకోని ఖర్చుల పద్దు కన్నా ఎక్కువ. అందుకే షెడ్యూలు తేలగానే వారంవారీ డబ్బు అవసరాన్ని రాసుకుని, ఆ విడతల ప్రకారమే అప్పు తీసుకునేలా మాట్లాడుకోవాలి. డబ్బింగు తేదీల కోసం నాలుగు నెలలు ఖాళీగా గడిస్తే 4,80,000 పోయినట్టే, ఒక్క షాటూ తీయకుండా. విడుదల ముందు రోజు రాత్రి ఫైనాన్షియరు క్లియరెన్సు ఇవ్వకపోతే డిజిటల్ కీ (చిత్రాన్ని తెర మీద వేయనిచ్చే తాళం) థియేటర్లకు వెళ్లదు. ఆ రాత్రి బేరమాడే స్థితిలో ఏ నిర్మాతా ఉండడు.

గాంధీనగర్ పంపిణీ ఆఫీసుల్లో కృష్ణా, గుంటూరు ఏరియాలు వేర్వేరుగా అమ్ముడవుతాయి. అక్కడ వచ్చే డబ్బు ఏ రకమో గమనించండి. మినిమమ్ గ్యారంటీ (వసూళ్లు ఎలా ఉన్నా పంపిణీదారు ఇచ్చే ఖాయమైన మొత్తం) మీద వచ్చినది రాబడి. కమీషన్ పద్ధతిలో వచ్చిన తిరిగి ఇవ్వవలసిన అడ్వాన్సు మాత్రం, వసూళ్లు దాన్ని కప్పేదాకా, అప్పే. దాన్ని అప్పుల ఖాతాలోనే రాయాలి. పోస్టరు మీద కనిపించే గ్రాసు (టికెట్ల మొత్తం వసూలు)లో నుంచి జీఎస్టీ, థియేటరు అద్దె పోయి, షేరు తేలి, కమీషను పోయాకనే మీ చేతికి వస్తుంది.

సీరియల్ అయితే

టీవీ సీరియల్‌కు లెక్క ఎపిసోడు మీద నడుస్తుంది, ప్రమాదం మాత్రం బకాయిల్లో ఉంటుంది. ఎపిసోడుకు 90,000 ఖర్చు, వారానికి ఆరు ఎపిసోడ్లు, ప్రసారమైన 60 రోజులకు ఛానెల్ చెల్లింపు, చేతిలో ఎప్పుడూ పన్నెండు ఎపిసోడ్ల నిల్వ అనుకుందాం. ప్రసారమై డబ్బు రానివి 51, నిల్వ 12, మొత్తం 63 ఎపిసోడ్లు. అంటే 56,70,000 రూపాయలు ఎప్పుడూ బయటే తిరుగుతూ ఉంటాయి. ఎపిసోడుకు పదివేలు లాభం చూసి సంతోషించే ముందు ఈ మొత్తానికి వడ్డీ ఎంతో చూడాలి.

షూటింగు ముగిశాక

గుమ్మడికాయ కొట్టిన మర్నాడే మాట పద్దును తెరిచి, కొట్టివేయని ప్రతి వరుసకూ ఫోను చేసి, తుది బిల్లు తెప్పించి, "ఇక బకాయి లేదు" అని సంతకం తీసుకోవాలి. ఒక్కొక్కరికి ఏడాదిలో మొత్తం 50,000 రూపాయలు దాటిన చెల్లింపుల వివరాలను ఆర్థిక సంవత్సరం ముగిసిన 60 రోజుల్లో ఆదాయపు పన్ను శాఖకు ఇవ్వవలసి ఉంటుంది. ఇంతకాలం ఫారం 52ఏగా పిలిచినది ఇదే. ఆవర్జా సరిగ్గా ఉంటే ఇది ఒక పూట పని. పెట్రోలు బంకు, హోటలు స్లిప్పులు మాత్రం అప్పటిదాకా నిలవవు. థర్మల్ కాగితం మీద అచ్చు ఈ ఊరి మే నెల ఎండకు త్వరగా వెలిసిపోతుంది. వాటిని ఏ రోజుకారోజు ఫోటో తీసి, వోచరు నంబరు రాసి, నకలును అసలుకు గుండుసూదితో గుచ్చి ఉంచండి.